పాత తుపాకి చిన్న యినుప భాగములకు నిలుకడగల రంగు

మంత్రాలయము, కౌతాళము, కోసిగి ప్రాంతముల మెట్టచేలలో వేరుసెనగ కాయ పట్టు దినములలో అడవిపందుల బెడద ఎట్టిదో రైతులకు చెప్పనక్కరలేదు. అందుచేత కొన్ని యిండ్లలో తాతల నాటి తుపాకి, మూతినుండి మందు కూరెడు రకము, లైసెన్సుతో నేటికిని నిలిచియున్నది. 1959 నాటి ఆయుధముల చట్టము 13వ సెక్షనులో పైరుల రక్షణకై ఇట్టి తుపాకిని ప్రత్యేకముగా పేర్కొనిరి. తుపాకి లైసెన్సు ఒకటి, పందిని కాల్చుటకు అటవీశాఖవారి అనుమతి వేఱొకటి యను సంగతి మఱువరాదు.

ఇట్టి తుపాకి చెడుట సాధారణముగా చిన్న భాగములతో మొదలగును. గొట్టమునకు నూనె పూయువారుందురు గాని, ట్రిగ్గరు చుట్టునుండు వంపుకడ్డీని, కఱ్ఱమడమకు తొడిగిన రేకును, వారు తగిలించు కొక్కెములను, గజము దూర్చు ఉంగరములను తలచువారరుదు. వంపుకడ్డీకి చేతి చెమట తగులును. మడమరేకు తడినేలపై ఆనును. వీనికే రంగు వేయవలెను. గొట్టము లోపలికిని, టోపీ తొడుగు ముక్కునకును, కొట్టెడు సుత్తి తిరుగు చోటికిని, స్ప్రింగులకును రంగు ఎన్నడును తగదు. పొర మందమువలన అవి పట్టుకొని, అదను తప్పి పేలు ప్రమాదము గలదు. ఇత్తడి భాగములకు రంగుతో పనిలేదు.

కొందరు రంగునకు మాఱుగా ఇంటనున్న వేరుసెనగ నూనెనో ఆముదమునో పూయుదురు. ఇవి అవిసె నూనె వలె ఆఱి గట్టిపడునవి కావు. జిగటగా నిలిచి ఎఱ్ఱమన్ను దుమ్మును పట్టుకొనును.

రంగు పెచ్చులూడినపుడు రంగును నిందించుట వాడుక. దోషము తఱచుగా దాని క్రింద నుండును. నల్లమందు కాలిన మసిలో పొటాషియపు లవణములు మిగులును. అవి గాలిలోని తేమను పీల్చును. పాతకాలపు టోపీలలోని పొటాషియము క్లోరేటు పేలిన పిదప, వంటయుప్పును పోలిన క్లోరైడుగా మాఱును. కిరసనాయిలు జిడ్డును తీయును గాని ఉప్పును కరగింపలేదు, నీరే కరగించును. కావున తుపాకిలో మందుగాని టోపీగాని లేదని గజముతో కొలిచి నిశ్చయించుకొని, లైసెన్సుగల మేస్త్రిచేత ఆ భాగములను విప్పించి, మొదట వేడినీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆ పిమ్మటనే జిడ్డు తీయవలెను. తుప్పును గరుకు కాగితముతో రుద్ది మెఱుగు లోహము కనబడునట్లు చేయవలెను. పాత రంగు మీద మాత్రము పొడిగా రుద్దరాదు. అందు సీసముండవచ్చును, తడిపి రుద్ది, ఆ మడ్డిని పిల్లలకును పశువులకును దూరముగా పాఱవేయవలెను. తుదకు స్పిరిటుతో తుడిచిన పిదప వట్టి చేతితో తాకరాదు.

ఇక రంగు మాట. త్వరగా ఆఱు స్ప్రే లక్కరు అందముగా నుండును గాని అంచులవద్ద పెళుసై రాలును. కాల్చి గట్టిపఱచిన ఎనామెలు మిక్కిలి బలమైనది. బ్రిటిషు సైన్యపు తుపాకులకు ఫాస్ఫేటు పూతపై ఇట్టి నల్లరంగు వేసిరి. అయితే పాత జంటగొట్టముల తుపాకులలో గజపు ఉంగరములను తగరము, సీసము కలిసిన టాంకముతో అతికియుందురు. అది 183 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగ నారంభించును. కావున విప్పి వేఱుచేసిన భాగములనే కాల్పింపవలెను. ఇది యిల్లు చేసికొను పని కాదు. రెండు డబ్బాలుగా వచ్చి కలుపుకొను ఎపాక్సీ రంగు నిప్పు లేకయే దాదాపు అంత గట్టిపడును. నూనెకు, చెమటకు లొంగదు. ఎండలో కొంత సున్నము పట్టినట్లు వెలవెలబోవును గాని తుపాకి ఎండలో పడియుండునది కాదు గదా. అది దొరకనిచోట జింకు ఫాస్ఫేటు ప్రైమరుపై సింథటికు ఎనామెలు చాలును. సిందూరపు ప్రైమరు తుప్పును బాగుగా ఆపునదే, గాని సీసపు విషము. ఇంటి పనికి మానుటయే మేలు. గృహముల రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90కి మించరాదని 2016లో ప్రభుత్వము నియమము చేసినది.

రెండు పలుచని పూతలు ఒక మందపు పూతకన్న మేలు. నడివేసవి ఎండలో పైపొర ముందు ఆఱి ముడుతలు పడును. ఆషాఢపు గాలిలో దుమ్ము అంటును. ఫాల్గుణ చైత్రములలో, నీడను, మంచు ఆఱిన పిదప వేయుట అనుకూలము.

లైసెన్సులో వ్రాసిన సంఖ్య చెక్కియున్న చోట రంగు వేయనే కూడదు. అదే చట్టము 8వ సెక్షను ప్రకారము గుర్తింపు సంఖ్యను చెఱపుటయు మార్చుటయు నేరము. రంగుతో పూడిన సంఖ్యను చూచిన అధికారికి అనుమానము కలుగుట సహజము. అచ్చట పలుచగా మైనము రుద్దిన చాలును.

సింథటికు ఎనామెలు పైకి ఒక దినములో ఆఱినను లోపల గట్టిపడుటకు వారము పట్టును. అంతవరకు గుడ్డయొఱలో దూర్చరాదు. ఎన్నికల సమయమున తుపాకిని స్టేషనులో అప్పగింపవలసినపుడు వారముల తరబడి అచ్చటనే యుండును. గోనెతో చుట్టినచో గోనె తేమను పట్టుకొనును. నూనె తుడిచిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి యిచ్చి, రసీదులో సంఖ్యను సరిచూచుకొనవలెను.