పందెం ఎవరిని గెలిపిస్తుంది?

2019 ఏప్రిల్, మే నెలల్లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ సెమీఫైనల్స్ జరిగాయి. తొలి మ్యాచ్‌లో బార్సిలోనా చేతిలో 3-0తో ఓడిన లివర్‌పూల్, మే 7న 4-0తో గెలిచి ఫైనల్ చేరింది. మరునాడు మొత్తం మీద మూడు గోల్స్ వెనుకబడిన టోటెన్‌హామ్‌కు లూకాస్ మౌరా రెండవ సగంలో మూడు గోల్స్ సాధించాడు. చివరిది ఇంజురీ టైమ్ 6వ నిమిషంలో! ‘గెలుపు ఖాయం’ అనుకుని బార్సిలోనా, అజాక్స్‌లపై పందెం కాసినవారి సొమ్ము మట్టిలో కలిసింది. అగోచర జ్ఞానం అల్లాహ్‌కే ఉంది.

పోనీ, అంచనా ఫలిస్తే లాభమేనా? ఇద్దరు చెరో 100 రూపాయలు కాస్తే, పందెం నడిపేవాడు గెలిచినవాడికి 190 ఇచ్చి 10 తానుంచుకుంటాడనుకోండి. ఎవరు గెలిచినా అతనికి నష్టం లేదు. పదే పదే ఆడితే ఇద్దరి సొమ్మూ అతని జేబులోకే చేరుతుంది.

జూదంలో లాభం కన్నా హాని ఎక్కువని దివ్య ఖుర్ఆన్ (2:219) హెచ్చరించింది. అది మనుషుల మధ్య పగను రగిల్చి, నమాజుకు దూరం చేస్తుందనీ (5:91) తెలిపింది. జూదమాడదాం రమ్మని పిలిచినవాడే సదఖా చేయాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. పిలుపుకే పరిహారం ఉంటే, ఆడినవాడి సంగతేమిటి? ఫోన్లలోనే పందేలు సాగుతున్న ఈ రోజుల్లో మన పిల్లలకు ఈ మాట ఇంట్లోనే చెప్పుకుందాం.