సైట్ పలికితే చాలదు

చిరంజీవికి పెదనాన్న దీవించి వ్రాయునది.

కళాశాల వెబ్‌సైట్ ఆగిపోయిందేమోనన్న దిగులుతో చిరంజీవి అర్ధరాత్రి లేచి ఫోనులో పేజీ తెరిచి చూస్తున్నట్లు క్రిందటి ఉత్తరం వల్ల తెలియడమూ, కళ్ళ కింద నలుపు సంగతి అమ్మ చేరవేయడమూ ఈ లేఖకు కారణాలు. ఆ కాపలా మనిషి చేయవలసినది కాదు. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేయగా తరువాత నాగియోస్‌గా పేరు మారిన సాఫ్ట్‌వేర్‌కు ఆ కాపలాను అప్పగించవచ్చు. అది స్వయంగా ఏ సైటునూ పరీక్షించదు; ఆ పనిని ప్లగిన్లు, అనగా విడివిడి చిన్న ప్రోగ్రాములు, చేసి, బాగుంటే 0, హెచ్చరికకు 1, ప్రమాదానికి 2, తేలకపోతే 3 అనే సంకేతాన్ని ఒక వాక్యంతో సహా అప్పగిస్తాయి. వెబ్‌సైటుకు వాడే ప్లగిన్ చెక్ హెచ్‌టీటీపీ.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఏమీ అడగకుండా వదిలితే ఈ ప్లగిన్ సర్వరు జవాబిచ్చిందా, ఆ జవాబు సంకేతం తప్పును సూచిస్తున్నదా అన్నంతవరకే చూస్తుంది. వేరే చిరునామాకు పొమ్మనే 301 సంకేతం వచ్చినా సరేననే అంటుంది. డేటాబేస్ తెగిపోయినప్పుడు కొన్ని సైట్లు క్షమాపణ పేజీని కూడా అంతా సవ్యమని చెప్పే 200 సంకేతంతోనే పంపుతాయి గనుక, పేజీలో ఫలానా మాట ఉన్నదా అని వెదికే ‘ఎస్’ ఆప్షన్ తప్పనిసరి. ఆ మాటను పేజీ తలకట్టు నుండి తీసుకోరాదు. డేటాబేస్ పోయినా తలకట్టు చెక్కుచెదరకుండా కనిపించవచ్చు. డేటాబేస్ నుండి వచ్చి ఎన్నడూ మారని మాటను, అదీ పేజీ అడుగున ఉండేదాన్ని, ఎంచుకోవలెను. పెదనాన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కుదిరిన కొత్తలో డయల్ టోన్ వినిపించగానే లైను బాగున్నదని రాసేవారిని పెద్ద మెకానిక్ ఒకాయన ఊరుకోనిచ్చేవాడు కాదు. అవతలి మనిషితో మాట్లాడి, ఆ ఊళ్ళో వాన పడిందో లేదో కనుక్కున్న తరువాతే పుస్తకంలో సంతకం పెట్టనిచ్చేవాడు. సైటులో మాట వెదకడమూ అటువంటిదే. అయితే చిరునామా మళ్ళింపులుంటే ‘ఎఫ్’ ఆప్షన్‌కు ఫాలో అని ఇవ్వనిదే ప్లగిన్ ఆ మాటను 301 పేజీలో వెదికి, లేదని గగ్గోలు పెడుతుంది.

మిగిలినవి త్వరగా ముగించవచ్చు. ప్లగిన్ మామూలుగా పది సెకన్లకే విసిగి వదిలేస్తుంది గనుక హెచ్చరికకు 3, ప్రమాదానికి 8 సెకన్లు పెట్టడం సమంజసం. అయిదు నిమిషాలకొక పరీక్ష, తప్పితే నిమిషానికొకటి చొప్పున మళ్ళీ పరీక్ష, మొత్తం మూడు తప్పితేనే సమాచారం అని నిర్ణయిస్తే క్షణకాలపు తొట్రుపాటుకు ఫోను మోగదు. సర్టిఫికెట్ గడువు చూసే పెద్ద ‘సి’ ఆప్షన్ వాడితే ప్లగిన్ మామూలుగా పేజీని చూడనే చూడదు. దానికి వేరొక సర్వీసు రాయవలెను. నాగియోస్‌ను ఆ వెబ్‌సైట్ ఉన్న యంత్రంలోనే పెట్టరాదు. యంత్రం పడిపోతే కబురు చెప్పేవారుండరు.

అంతా అమర్చిన తరువాత వెదికే మాటను కావాలనే తప్పుగా మార్చి, ఫోనుకు కబురు వస్తున్నదో లేదో చూడవలెను. ఆ పరీక్ష పగలు, భోజనమైన తరువాతనే చేసి, ఫలితాన్ని తిరుగుటపాలో తెలుపవలెను.

ఇట్లు
పెదనాన్న