తీసివేత గుర్తు

ఒక ఊళ్లో ఒక డ్రైవరు ఉన్నాడు. సొంత కారు అద్దెకు తిప్పుతాడు. ఒకరోజు పొద్దున్నే తాళం తిప్పాడు. "టిక్" అని చప్పుడొచ్చింది. ఇంజను తిరగలేదు. మర్నాడు కారు పెళ్లికి వెళ్లాలి. బయానా కూడా తీసుకున్నాడు.

లైట్లు వేసి చూశాడు. బాగా వెలిగాయి. బ్యాటరీ వైర్లు గట్టిగానే ఉన్నాయి. "సెల్ఫ్ మోటారు పోయినట్టుంది" అన్నాడు.

సెల్ఫ్ మోటారు బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. దాని చివర చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది ఇంజనుకున్న పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. అప్పుడు ఇంజను స్టార్టవుతుంది. ఈ కారులో ఆ మోటారు కింద, లోపలివైపు ఉంది. చెయ్యి పడుతుంది, చూపు పడదు.

డ్రైవరు హ్యాండ్ బ్రేకు వేశాడు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. జాకీతో కారు ముందుభాగం లేపాడు. పానా తీసుకుని కిందికి దూరబోయాడు.

"ఆగయ్యా! జాకీ జారితే?" అంది భార్య.

"ఇటుకలు పెడదాం."

"ఇటుకలు పగిలిపోతాయి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు."

ట్రాక్టరు షెడ్డు నుంచి రెండు ఇనప స్టాండ్లు తెచ్చి పెట్టారు.

"మరి కరెంటు?" అంది ఆమె.

"తాళం తీసేశాగా!"

"తాళం తీసినా లావు వైరులో కరెంటు ఉంటుంది. పానా దానికీ, కారు ఇనుముకూ ఒకేసారి తగిలితే నిప్పులొస్తాయి. చెయ్యి కాలుతుంది."

ఆమె రాత్రిబడిలో లెక్కలు నేర్చుకుంది. బ్యాటరీ మీద గుర్తులు చూసింది. ఒకవైపు కూడిక గుర్తు (+), ఒకవైపు తీసివేత గుర్తు (−). తీసివేత గుర్తున్న వైరును ముందు తీయించింది.

డ్రైవరు వైర్లు, బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. పై బోల్టు కనపడలేదు. వేలితో తడిమి, పొడుగు రాడ్డున్న పానా వేశాడు. మోటారు బరువు. ఆఖరి బోల్టు ఊడేముందు రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆమె కాగితం ముక్కల మీద "పై బోల్టు", "కింది బోల్టు", "లావు వైరు", "సన్న వైరు" అని రాసి వాటికి కట్టింది.

పాత మోటారు టౌనుకు తీసుకెళ్లారు. పళ్లు లెక్కపెట్టి, బోల్టు రంధ్రాలు సరిచూసి అలాంటిదే కొన్నారు. బోల్టులు ముందు చేత్తో తిప్పి, తర్వాత పానాతో బిగించారు. తీసివేత వైరు ఆఖరున కలిపారు. కారు కిందికి దించారు. గేరు న్యూట్రల్లో పెట్టి తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది.

"గుర్తులు నువ్వు చదవబట్టి చెయ్యి దక్కింది" అన్నాడు డ్రైవరు.

జవాబులు రాయండి:
1. కారు కిందికి దూరేముందు ఏమేం చేయాలి?
2. ఏ గుర్తున్న వైరు ముందు తీయాలి? ఎందుకు?
3. మీ ఇంట్లో + − గుర్తులు వేటిమీద ఉన్నాయి?