సరిహద్దు దాఁటిన రేడియో లైసెన్సు

ఒక దేశమునఁ బుట్టిన రేడియో తరంగము పొరుగు దేశములోనికిఁ బోవునపుడు ఎవరి సెలవును అడుగదు. కాని యా తరంగమును బుట్టించిన మనుష్యుఁడు తన యంత్రమును పెట్టెలోఁ బెట్టుకొని యదే సరిహద్దును దాఁటినచో, అచ్చట దాని మీట నొక్కుటకు వానికి అధికారము లేదు. ఈ సంగతిని తరగతిలోఁ జెప్పినపుడు ఒక విద్యార్థి లేచి, "మోటారు నడుపువాఁడు పరదేశమునఁ గూడ నడుపుచున్నాఁడు గదా, అయ్యా! వీరికేల యీ నిర్బంధము?" అని యడిగెను. ఆ గంటలోఁ జెప్పఁజాలని సమాధానము నిచ్చట వ్రాయుచున్నాము.

జీతమునకుఁ గాక, నేర్చుకొనుటకును ప్రయోగములు చేయుటకును స్వంత యంత్రముతో దూరదేశస్థులతో మాటలాడువారిని ఔత్సాహిక రేడియోవారనియు, వాడుకలో హాములనియు నందురు. ప్రతివాఁడును తన ప్రభుత్వమువారు పెట్టు పరీక్షలోఁ గృతార్థుఁడై లైసెన్సును, ఒక పిలుపు గుర్తును బొందవలెను. గుర్తులోని మొదటి యక్షరములు దేశమును దెలుపును. మన దేశమునకు 'వీయూ', ఫ్రాన్సునకు 'ఎఫ్'.

1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ పట్టణమునుండి లియోన్ దెలువా యనునతఁడు అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్ అనువారితో సంభాషించెను. ఔత్సాహికులు అట్లాంటిక్ సముద్రమున కిరువైపుల నుండి ప్రశ్నయు ప్రత్యుత్తరమును నడపుట అదియే మొదలు. 1925లో పారిస్ నగరమున అంతర్జాతీయ ఔత్సాహిక రేడియో సమాఖ్య యేర్పడెను. మాట సముద్రమును దాఁటినది. లైసెన్సు దాఁటుటకు మఱి చాల యేండ్లు పట్టెను.

ప్రభుత్వములు జంకుటకుఁ గారణములు లేకపోలేదు. యుద్ధకాలమున శత్రువునకు వార్త పంపుటకు ఇట్టి యంత్రమే చాలును. పరీక్షలు దేశదేశమునకు వేఱు. అన్నిటికంటె బలమైన కారణ మింకొకటి కలదు. రేడియో పంపకమునకై ప్రపంచమును మూఁడు మండలములుగా విభజించిరి. ఐరోపా, ఆఫ్రికాలు మొదటిది; అమెరికాలు రెండవది; మనము మూఁడవ దానిలోనివారము. అమెరికా మండలమున 7000 మొదలు 7300 కిలోహెర్ట్జుల వఱకు ఔత్సాహికులకు విడిచిరి. ఐరోపాలో నది 7200తో నాఁగును. ఆ పైది ప్రసార కేంద్రములది. తన యింట 7250 వద్ద నిర్దోషముగా మాటలాడు అమెరికావాఁడు పారిస్‌లో నదే పని చేసినచో, దురుద్దేశ మేమియు లేకయే నేరస్థుఁ డగును. మోటారు నడుపువాఁడు బాటను కన్నులారఁ జూచును. తరంగపు బాట కంటికిఁ గనఁబడదు. మా విద్యార్థి ప్రశ్నకు సగము సమాధాన మిదియే.

మిగిలిన సగము ఇచ్చిపుచ్చుకొనుటలో నున్నది. అమెరికాలో 1934 నాఁటి చట్టము ప్రకారము ఆ దేశపౌరులకు మాత్రమే లైసెన్సు లభించుచుండెను. కెనడావారితోఁ దరువాత నొక ప్రత్యేకపు టొడంబడిక జరిగినను, తక్కిన దేశస్థుల కచ్చట మార్గము లేకుండెను. మా వారిని రానీయనివారిని మేమేల రానిత్తుమని యితర దేశములవారు తలఁచుట సహజమే గదా! అరిజోనా రాష్ట్రపు సెనేటరగు బ్యారీ గోల్డ్‌వాటర్ తానును ఔత్సాహికుఁడే. ఆయన తెచ్చిన బిల్లుపై 1964 మే నెలలో అధ్యక్షుఁడు లిండన్ జాన్సన్ సంతకము చేసి, పరస్పర గౌరవముపై విదేశీయులకుఁ దలుపు తెఱచెను. ఆ సంవత్సరము నవంబరులోనే వీరిరువురును అధ్యక్ష పదవికై యొకరి కొకరు పోటీపడిరి. అంతటి ప్రతిపక్షులు ఈ చిన్న పనిలో నేకమగుట మాకు ముచ్చటగాఁ దోఁచినది.

అయినను ఇరుదేశముల యొడంబడికలతోఁ బని తీఱలేదు. లెక్క వేయుఁడు: 20 దేశములు జంటజంటగా నొప్పుకొనవలెనన్న 190 ఒడంబడికలు కావలెను! ఈ చిక్కును ఐరోపా తపాలా తంతి పరిపాలన శాఖల సమ్మేళనమువారు 1985లో విప్పిరి. వారు సమావేశమైనది దెలువా నివసించిన ఆ నీస్ పట్టణముననే. ఒప్పుకొన్న దేశములలో నొకదాని లైసెన్సు గలవాఁడు మఱియొక దానికిఁ బోయినచో, మూఁడు మాసముల వఱకు దరఖాస్తు లేకయే తన యంత్రమును నడుపవచ్చును. లైసెన్సును వెంట నుంచుకొనవలెను. ఆతిథ్య దేశపు టక్షరమును, గీఁతను తన గుర్తునకు ముందు చేర్చి పలుకవలెను. ఆ దేశపు హద్దులకే లోఁబడి యుండవలెను. 1992లో ఈ యేర్పాటును ఐరోపాకు వెలుపలి దేశములకును విస్తరించిరి. అమెరికా, కెనడా, న్యూజీలాండులు పిమ్మటఁ జేరినవి. అమెరికా ఖండములవారు 1995లో హైతీలో నిట్టి యొడంబడికనే వేఱుగాఁ జేసికొనిరి.

ఇంతకంటె గొప్పదిగా మేము తలఁచునది 1990లో ఇంగ్లాండులోని చెస్టరున జరిగినది. పరీక్ష కుండవలసిన పాఠ్యక్రమమును అందఱు నొక్కటిగా నిర్ణయించి, దానిలోఁ గృతార్థుఁడైనవానికి ఒక ధ్రువపత్రము నిచ్చుటకు సమ్మతించిరి. అది గలవాఁడు వేఱొక దేశమునఁ గాపురము పెట్టినను మరల పరీక్షకుఁ గూర్చుండ నక్కఱలేదు. మొదటి యేర్పాటు అతిథికి మర్యాద. ఇదియో, పొరుగు దేశపు పరీక్షాధికారిని నమ్ముట.

మన దేశము ఐరోపావారి యా జాబితాలో లేదు. కావున మన హాములు పరదేశమునకుఁ బోవునపుడు, పయనమునకు ముందే అచ్చటి ప్రభుత్వమును అడుగవలెను. విదేశీయులకు పరస్పరత ననుసరించి లైసెన్సు నిచ్చుటకు మన 1978 నాఁటి నియమములలోఁ జోటు గలదు.

స్వదేశముననే కొన్ని తావులకుఁ బ్రత్యేకానుమతి కావలసి యుండెను. 1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ గారు, తోడివారును అట్టి యనుమతితో 2004 డిసెంబరులో అండమానులలోని పోర్టు బ్లెయిరునకుఁ బోయిరి. దూరదేశముల హాములతో మాటలాడుటకే వారు యంత్రములను గొనిపోయిరి. 26వ తేదీన సునామి వచ్చి టెలిఫోనులు మూగవోవఁగా, ద్వీపములవారి క్షేమసమాచారములు ఆ యంత్రములమీఁదుగనే ప్రధానభూమిని జేరినవి. అనుమతి పత్రము ముందుగాఁ జేతిలో లేకుండినచో, ఆ ఉదయమున యంత్రము లచ్చట నుండెడివి కావు.

ఆపత్సమయమున యంత్రములును వానిని నడుపువారును సరిహద్దులయొద్ద లైసెన్సుకై నిలిచిపోకుండ అడ్డంకులను తగ్గింపవలెనని, ఫిన్లాండులోని టాంపెరె పట్టణమున 1998లోనే యొక యంతర్జాతీయ యొడంబడికను వ్రాసి యుండిరి. తగినన్ని దేశముల యంగీకారము చేరి యది యమలులోనికి వచ్చినది 2005 జనవరి 8వ తేదీన, అనఁగా ఆ యల వచ్చిన పదుమూఁడు దినములకు.