కత్తెర పట్టే ముందు టేపు పట్టాలి

కుట్టుమిషను ఈనాటిది కాదు. అమెరికాలో సింగర్ అనే ఆయన 1851లోనే తన మిషనుకు పేటెంటు హక్కు పొందాడు. తర్వాత ఎన్నో రకాల మిషన్లు వచ్చాయి. కాలితో తొక్కేవి వచ్చాయి. మోటారుతో నడిచేవి వచ్చాయి. మన ఊళ్లలో మాత్రం జాకెట్టు కొలత ఇప్పటికీ టేపుతోనే తీస్తున్నారు.

కుట్టు నేర్చుకునేవారి మనసు ముందు మిషను మీదికే పోతుంది. మోటారు ఉంటే చాలు, జాకెట్లు చకచకా తయారవుతాయి అనుకుంటారు. దానికోసం సంఘంలో అప్పు తీస్తారు. నిజానికి జాకెట్టు మిషను కింద చెడేది తక్కువ. కత్తెర కింద చెడేదే ఎక్కువ. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. గుడ్డ తప్పు కోస్తే ఏం చేస్తాం? అది ఎవరో పెళ్లికని దాచుకున్న పట్టుగుడ్డ కావచ్చు. ఆ డబ్బు ఎవరివ్వాలి?

ముందు టేపు చూడండి. మామూలు టేపు 60 అంగుళాలు. రెండో వైపు 150 సెంటీమీటర్లు. ఒక అంగుళం అంటే సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒక వైపు బదులు ఇంకో వైపు చదివితే లెక్కంతా తప్పు. అంగుళాల మధ్య చిన్న గీతలు ఉంటాయి. నడిమి గీత అర. అందులో సగం పావు.

ఒకామె చాతీ కొలత 36 అంగుళాలు అనుకోండి. ముందు భాగం రెండు పాళ్లు, వెనక భాగం రెండు పాళ్లు. మొత్తం నాలుగు. 36లో నాలుగో వంతు 9. వదులుకూ కుట్టుకూ ఒకటిన్నర కలపాలి. పదిన్నర అయింది. అక్కడ సుద్దతో గీత పెట్టాలి. ఆ గీత అర అంగుళం లోపలికి పడిందనుకోండి. "అర అంగుళమేగా" అనిపిస్తుంది. కానీ అది నాలుగు పాళ్లలోనూ తగ్గుతుంది. నాలుగు అరలు రెండు. జాకెట్టు రెండు అంగుళాలు బిగుతవుతుంది. హుక్కు పడదు.

ఒక ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య ఈ మాటే వచ్చింది.

"అత్తా, మోటారు పెట్టిస్తే రోజుకి నాలుగు కుడతాను" అంది కోడలు.

"నిన్న కుట్టినవి రెండు. అందులో ఒకటి విప్పి మళ్లీ కుట్టావు. ఆ విప్పే పని కూడా మోటారే చేస్తుందా?"

"ఆది జాకెట్టు చూసే కోశాను కదా!"

"ఆ ఆది ఎన్నేళ్లనాటిదో చూశావా? ఉతికి ఉతికి సాగిపోయింది. ఆమె కూడా ఒళ్లు చేసింది. మనిషిని నిలబెట్టి కొలవాలే పిల్లా! కొలిచింది పుస్తకంలో రాసుకో. చదువు నేర్చింది ఎందుకు?"

కోడలు ఒక నోటుపుస్తకం కొంది. పేరు, తేదీ, చాతీ, నడుము, భుజం, చేయి పొడవు, మెడ లోతు. కొలిచిన వెంటనే రాస్తుంది. తలలో పెట్టుకుంటే ఒకరి భుజం ఇంకొకరి జాకెట్టుకు పోతుంది మరి!

కుట్టు తిన్నగా రావడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. పాత సూది పెట్టండి. దారం ఎక్కించవద్దు. గీతల కాగితం మిషను కింద పెట్టి, గీత మీదే తొక్కండి. చిల్లులు గీత దాటితే వెంటనే తెలిసిపోతుంది. తర్వాత పలక ఆకారం, ఆపైన గుండ్రం. గుండ్రం కుదిరితే మెడ కుదిరినట్టే. పిల్లల ఆటలా ఉంటుంది గానీ, కాలూ చేయీ కలిసేది ఇక్కడే.

నూలు లైనింగు గుడ్డను తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కొయ్యాలి. లేకపోతే ఉతికాక అది కుంచించుకుపోతుంది. పైగుడ్డ ముడతలు పడుతుంది. కుట్టు అడుగున ఉచ్చుల్లా కనిపిస్తే మిషను పాడైందని బెంగపడొద్దు. చాలాసార్లు పైదారం వదులై ఉంటుంది. దారం తీసి మళ్లీ ఎక్కించి చూడండి.

ఇవన్నీ చేతికి వచ్చి, పని ఎక్కువై తొక్కలేకపోతే అప్పుడు మోటారు సంగతి చూడవచ్చు. కొత్త మిషనే కొనక్కర్లేదు. పాతదానికే మోటారు బిగిస్తారు. తొక్కుడు బెల్టు మాత్రం పారేయకండి. కరెంటు పోయిన రోజున పనికొస్తుంది.