క్షణాపహరణ విద్య – అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాస్ రష్

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థుల మనస్సులలో మెదిలేది బంతిని పాదంతో తన్నే క్రీడ. అమెరికాలో ఆ పేరుతో ప్రసిద్ధి చెందిన క్రీడ వేరు. అక్కడ రెండు కొనలు మొనదేలిన బంతిని చేతబట్టి పరుగెత్తుతారు, లేదా ముందుకు విసరుతారు. ఇరుపక్షాలకు పదకొండుగురు చొప్పున బరిలో నిలుస్తారు. బంతి చేతనున్న పక్షం నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగాలి. బంతిని విసిరే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు ఐదుగురు మహాకాయులు గోడవలె నిలిచి అతణ్ణి కాపాడుతారు. బంతి విసరకముందే ఆ గోడను ఛేదించి అతణ్ణి చేరడానికి ఎదుటి పక్షపు డిఫెన్సివ్ లైన్‌మన్ చేసే దాడియే పాస్ రష్.

విసరడానికి క్వార్టర్‌బ్యాక్‌కు సాధారణంగా లభించే వ్యవధి సుమారు మూడు సెకన్లు. ఆ స్వల్పకాలాన్ని మరింత కుదించడమే లైన్‌మన్ కర్తవ్యం. చూచేవారికి ఇది కేవలం దేహబల ప్రదర్శనగా తోచవచ్చును. నిశితంగా పరిశీలిస్తే ఇందులో నాలుగు సోపానాలు గోచరిస్తాయి.

మొదటిది ఆరంభం. లైన్‌మన్ ఒక చేతిని నేలపై ఆనించి, వంగి, బంతిపై దృష్టి నిలుపుతాడు. క్వార్టర్‌బ్యాక్ కేకలు మోసగించవచ్చును గనుక చెవిని నమ్మరాదు. బంతి కదలగానే కదలాలి. తొందరపడి గీత దాటితే 5 గజాల శిక్ష తప్పదు. మొదటి అడుగు దీర్ఘంగానూ, దేహం నిమ్నంగానూ ఉండాలి. భుజం ప్రత్యర్థి భుజానికన్నా క్రిందుగా ఉన్నవాడు బరువైనవాణ్ణి కూడ కదిలించగలడు.

రెండవది హస్తలాఘవం. ప్రత్యర్థి చేతులు తన రొమ్మును పట్టకముందే వాటిని ప్రక్కకు కొట్టివేయాలి. ఎదుటివాని నిండు రొమ్మును ఢీకొనక, ఒక భుజాన్నే లక్ష్యంగా గ్రహించాలి. చేతిని అతని చంక క్రిందుగా పైకి దూర్చి సాగడాన్ని రిప్ అనీ, ఈతగానివలె అతని భుజం మీదుగా చేయి విసరి దాటడాన్ని స్విమ్ అనీ, నేరుగా వెనుకకు నెట్టుకుపోవడాన్ని బుల్ రష్ అనీ అంటారు.

మూడవది ప్రత్యామ్నాయం. మొదటి ఎత్తు పారకపోతే ఆగిపోరాదు. వెలుపలి దారిని మూసిన ప్రత్యర్థి లోపలి దారిని విడిచిపెడతాడు. ఆ దారిని పట్టాలి.

నాలుగవది నిగ్రహం. వేగం హెచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను దాటిపోతే అతడు ఆ సందులోనుండి తప్పించుకుంటాడు. బంతి చేయి విడిచిన పిదప అతణ్ణి అనవసరంగా కొడితే 15 గజాల శిక్ష పడుతుంది. ప్రత్యర్థి తలపై చరిచే పద్ధతిని 1977లో నిషేధించారు. ఆ పద్ధతికి పేరుమోసిన వీరుడు లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టుకు చెందిన డీకన్ జోన్స్.

విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని సాక్ అంటారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన ఖ్యాతి జోన్స్‌దే. అయితే సాక్‌లను అధికారికంగా లెక్కించడం 1982లో ఆరంభమైంది. జోన్స్ 1974లోనే ఆట విరమించాడు. అధికారిక పట్టికలో 200 సాక్‌లతో బ్రూస్ స్మిత్, 198తో రెగీ వైట్ అగ్రస్థానాలలో ఉన్నారు. ఆ పట్టికలో జోన్స్‌కు ఒక్కటి కూడ లేదు. ఆ కారణంగా ఆయన శ్రమ శూన్యమనగలమా?

మరొక నిదర్శనం. అదే జట్టుకు చెందిన ఆరన్ డొనాల్డ్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. ఆ స్థానంలో ఆడేవారిలో ఇది తక్కువే. అయినను ఇద్దరేసి ప్రత్యర్థులు అడ్డుపడినా ఛేదించుకొనిపోయేవాడు. చేతుల వేగం కొరకు నకిలీ కత్తులను ఎదుర్కొంటూ అభ్యసించాడు. 2022 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్ చివరి నిమిషంలో సిన్సినాటి జట్టు నాలుగవ ప్రయత్నంలో ఉండగా, డొనాల్డ్ గోడను దాటి క్వార్టర్‌బ్యాక్ జో బరోను పట్టి త్రిప్పివేశాడు. బరో విసరిన బంతి ఎవరి చేతికీ చిక్కక నేలపాలైంది. రామ్స్ జట్టు 23–20తో విజయం సాధించింది. బంతి చేయి విడిచినందున ఆ ఘట్టం సాక్‌గా నమోదు కాలేదు. కాని విజయాన్ని నిలిపినది అదే.

మన మైదానాలలో ఈ క్రీడ ఆడకపోవచ్చును. అయినను ఇందులోని పాఠం మనకు పరాయిది కాదు. అంకెలలో చేరేది కృషిలో ఒక భాగమే. మిగిలినది ప్రతిదినమూ మొదటి అడుగును సరిదిద్దుకొనేవానికీ, అతనికి నేర్పిన గురువుకూ మాత్రమే తెలుసు. విద్యార్థులు మార్కుల పట్టికను చూచుకొనేటప్పుడూ, పెద్దలు ఆ పట్టికతో విద్యార్థిని తూచేటప్పుడూ ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుట మేలు.