పట్టుబడి అయ్యాక చూద్దామనొద్దు

ముద్ద రొమ్ము దగ్గర ఆగినట్టుంటే మనం ముందు వేసుకునేది గ్యాస్ మాత్ర. తర్వాత అన్నం మెత్తగా పిసుక్కుంటాం, ఆపైన జావకు దిగుతాం. ఆసుపత్రి మాటెత్తితే గుడివాడ చేపల చెరువుల మీద "పట్టుబడి అయ్యాక", దివిసీమలో "కోతలయ్యాక", బందరు గిలకలదిండిలో "ఏప్రిల్ 15న వేట ఆపేస్తారుగా, అప్పుడు" అంటారు. చెరువులో చేప నోరు తెరిచి పైకి తేలితే మాత్రం అర్ధరాత్రైనా పరుగెత్తుతాం.

ముద్ద ఇలా ఆగడం అన్నవాహిక క్యాన్సర్ గుర్తు కావచ్చు. దానికి అంత తొందర ఎందుకు? పేగుకున్నట్టు అన్నవాహికకు బయటి పైపొర ఉండదు. గోడ లోపల లింఫు నాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. కణితి చిన్నదిగా ఉన్నప్పుడే కణాలు వాటి గుండా మెడ, ఛాతీ, పొట్ట గ్రంథులకు చేరగలవు. రక్తంలో పడితే కాలేయం, ఊపిరితిత్తులు, ఎముకల దాకా పోతాయి. పైగా ఆ గొట్టం సాగుతుంది, దారి బాగా ఇరుకైతే గానీ ముద్ద అడ్డం పడదు. అందుకే ఇబ్బంది తెలిశాక వారాలు గడపకూడదు.

ఇలా చేయండి:

• రెండు వారాలైనా ముద్ద సరిగా దిగకపోతే, బరువు తగ్గుతుంటే, గొంతు బొంగురుపోతే ఎండోస్కోపీ చేయించుకోండి. ఖాళీ కడుపుతో వెళ్తే ఒక పూట పని. మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపొద్దు, వెంట మనిషి ఉండాలి.

• ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలితే "ఎంతవరకు పాకింది?" అని అడగండి. సీటీ, అవసరమైతే పెట్ స్కాన్ చూశాకే ఆపరేషనా, ముందు కీమో, రేడియేషనా అన్నది తేలుతుంది. అన్నవాహిక లోపలి పొరల్లోనే దొరికితే కొందరికి ఎండోస్కోపీతోనే తీసేస్తారు.

• రేషన్ కార్డు, ఆధార్‌తో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో కనుక్కోండి.

• జీతంలో ఈఎస్ఐ కోత ఉంటే క్యాన్సర్‌కు పొడిగించిన అనారోగ్య భృతి ఉంది. రెండేళ్ల సర్వీసు, సరిపడా చందా ఉన్నవారికి వేతనంలో 80 శాతం, గరిష్ఠంగా రెండేళ్ల దాకా ఇస్తారు. సెలవు చీటీలన్నీ దాచండి.

• చుట్ట, ఖైనీ, మందు మానండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అనుమానిత కారకాల్లో చేర్చింది. టీ కాస్త చల్లారనివ్వండి.

మేస్త్రీకి రోగం పేరు చెప్పనక్కర్లేదు. "పరీక్ష ఉంది, రేపు రాను" అంటే చాలు.